డిచ్‌పల్లి దవాఖానా, నా పాత బాకీ

మొన్నీమధ్య ఒక సాయంకాలం అమీర్‌పేటలో మైత్రీవనం ముందునుంచి నడిచి వస్తున్నాను. ఆ దారిన నడవడమంటే కాగితాల వానలో తడవడమే. పది అడుగులకొక కుర్రవాడు నిలబడి, వచ్చేపోయే వారి చేతుల్లో ఏదో ఒక కరపత్రం పెడుతూ ఉంటాడు. ఈ కోర్సు నేర్చుకోండి, ఆ పరీక్షకు తయారుకండి, మా హాస్టల్లో చేరండి అని. నా తెల్ల జుట్టు చూసి సాధారణంగా నన్ను వదిలేస్తారు. ఆ రోజు మాత్రం ఒక పిల్లవాడు వదలలేదు. "మీ మనవడికివ్వండి తాతగారూ" అంటూ ఒక పసుపుపచ్చ కాగితం చేతిలో పెట్టాడు. దానిమీద పెద్ద అక్షరాలతో ఇలా ఉన్నది: "మీ జీవితానికి లక్ష్యం ఉన్నదా?" కింద మూడు రోజుల శిక్షణ, ఫీజు వివరాలు.

నవ్వుకుని జేబులో పెట్టుకున్నాను. అరవై ఆరేళ్ళు వచ్చినవాణ్ణి, ముప్పై అయిదేళ్ళు బడిపిల్లలకు విభక్తి ప్రత్యయాలు, ఛందస్సు చెప్పి విరమించినవాణ్ణి. ఈ ప్రశ్న ఇప్పుడు నన్ను అడిగితే ఏం లాభం అనుకున్నాను. అయితే ఆ ప్రశ్న జేబులో ఊరికే ఉండలేదు. మర్నాడు పంజాగుట్టలో దానికి ఒక జవాబు ఎదురైంది. ఆ జవాబు వెంట ఒక చరిత్ర, ఆ చరిత్ర వెంట నా పాత బాకీ ఒకటి బయటపడ్డాయి. ఆ మూడింటి సంగతే ఈ టపా. కాస్త పొడుగైంది, మిత్రులు ఓపిక పట్టాలి.

* * *

పంజాగుట్టలో నిమ్స్ అని మనం పిలిచే ఆసుపత్రి 1960లలో నిజాం ధర్మనిధి సొమ్ముతో ఎముకల ఆసుపత్రిగా మొదలైంది. ఈనాటికీ మా వయసువాళ్ళలో కొందరు దానిని ఎముకల ఆసుపత్రి అనే అంటారు. మా బావమరిది మోకాలి నొప్పితో అక్కడ చూపించుకోవడానికి వస్తే తోడు వెళ్ళాను. ఆయన లోపలికి వెళ్ళాడు. నేను బయట బల్లమీద కూర్చున్నాను.

నా పక్కన ఒక ముసలాయన. ఎనభై దాటి ఉంటాయి. తెల్లని పంచె, భుజాన కండువా, శుభ్రమైన మనిషి. చేతిలోని చీటీ జారి కిందపడితే తీసుకోబోయాడు, చేతకాలేదు. అప్పుడు చూశాను ఆయన వేళ్ళు. కొన్ని కణుపుల దాకా అరిగిపోయి ఉన్నాయి, మిగిలినవి లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. ఆయనకు అటు పక్కన కూర్చున్న నడివయసు పెద్దమనిషి కూడా అదే క్షణంలో చూశాడు. ఏమీ అనలేదు. ఫోను వచ్చినట్టు లేచి వెళ్ళి, నాలుగు బల్లల అవతల కూర్చున్నాడు.

నేను చీటీ తీసి ఇచ్చాను.

"గట్లనే నీ దగ్గర పెట్టుకో సారూ, పేరు పిలిచినప్పుడు ఇద్దువు. నా చేతుల నిల్వది" అన్నాడు ముసలాయన.

"మీదే ఊరు పెద్దాయనా?"

"పుట్టింది కామారెడ్డి దిక్కు. పెరిగింది డిచ్‌పల్లి దవాఖానల. పన్నెండేండ్లప్పుడు మా నాయిన బండిల ఏసుకొచ్చి ఆడ దించి పోయిండు. మల్ల రాలె." కాసేపాగి, వెళ్ళిపోయిన పెద్దమనిషి వైపు చూపు తిప్పకుండానే అన్నాడు. "రోగం పోయి అరవై ఏండ్లాయె సారూ. మనుషులే ఇంక పక్కకు జరుగుతుండ్రు."

ఆయన మాటల్లో నిష్ఠురం లేదు. వాన పడుతోందని చెప్పినట్టు చెప్పాడు. తర్వాత ఆ దవాఖానాలోనే అక్షరాలు నేర్చుకున్నాననీ, అక్కడే పెళ్ళి చేసుకున్నాననీ, కొడుకు నిజామాబాదులో మెకానిక్కనీ చెప్పాడు. "మొదటి దొరసాని కథ పెద్దోళ్ళు చెప్పెటోళ్ళు. నేను చూడలె. ఆమె పోయినంక పుట్టిన" అన్నాడు. అంతలో పేరు పిలిచారు. చీటీ ఇచ్చాను. ఆయన లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ మొదటి దొరసాని ఎవరో నాకు తెలుసు. కానీ ఆమె గురించి ఇంతవరకు నేను ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు. ఎందుకో చివర చెబుతాను.

* * *

ఆమె పేరు ఇసబెల్ కెర్. పుట్టింటి పేరు గన్. 1875లో స్కాట్లండులో పుట్టింది. అబర్డీనులో వైద్యం చదివి 1903లో పట్టా పుచ్చుకున్నది. ఆ దేశపు విశ్వవిద్యాలయాలు ఆడవాళ్ళను పట్టాలకు రానిచ్చి అప్పటికి పట్టుమని పదిహేనేళ్ళు కాలేదు. అంటే ఆమె చేతి పట్టా ఆ కాలానికి అపురూపమైన వస్తువు. కావాలంటే స్వదేశంలోనే గౌరవంగా, సుఖంగా బతకగలిగేది. జార్జి కెర్ అనే వెస్లియన్ మెథడిస్టు బోధకుణ్ణి పెళ్ళాడి, 1907లో భర్తతో పాటు నిజాం రాజ్యానికి వచ్చింది.

వాళ్ళు చేరింది మన జంటనగరాలకు కాదు. ఉత్తరాన, గోదావరి దిక్కున ఉన్న ఇందూరుకు, అంటే నిజామాబాదుకు. పని వెస్లియన్ మిషను పని. భర్తది బోధ, భార్యది వైద్యం. అయితే అక్కడికి వచ్చాక ఇసబెల్‌కు ఒక విషయం కనబడింది. కుష్ఠువ్యాధి సోకినవాళ్ళకు ఆ ప్రాంతంలో ఎక్కడా దిక్కు లేదు. ఊరు వెళ్ళగొడుతుంది, ఇల్లు వెళ్ళగొడుతుంది. మామూలు ఆసుపత్రి వాళ్ళను లోపలికి రానిచ్చినా పక్క మంచంమీద రోగి ఉండనివ్వడు. 1911లో ఆమె వారి కోసం చిన్న ఎత్తున ఒక కేంద్రం పెట్టింది. వస్తున్నవాళ్ళ సంఖ్య చూస్తుండగానే చోటుకు మించిపోయింది.

ఇక్కడ ఈ కథలోకి రెండో మనిషి వస్తాడు. నిజామాబాదు ధనికుడు, దాత, రాజా నర్సాగౌడ్. ఆయన హిందువు. మతం మార్చుకున్నవాడు కాడు, మార్చుకుంటానన్నవాడూ కాడు. ఆయన సొమ్మిచ్చాడు, భూమి వచ్చేట్టు చేశాడు. ఆ సాయంతో 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠురోగుల ఆసుపత్రి వెలిసింది. ఆ ఊరి గుట్టమీద నల్లరాతి రామాలయం ఉన్నది. శిల్పసంపద చూసి దానిని ఇందూరు ఖజురహో అంటారు. ఆ గుడి ఉన్న ఊళ్ళోనే, ఒక హిందువు దాతృత్వంతో, ముస్లిం ప్రభువు రాజ్యంలో, ఒక క్రైస్తవ స్త్రీ చేతుల మీదుగా ఈ ఆసుపత్రి లేచింది. ఈనాడు ఈ మూడు మాటలూ ఒకే వాక్యంలో చదవడానికి మనకు కొంచెం ఆశ్చర్యంగా ఉంటే, ఆశ్చర్యపోవలసింది వాళ్ళను చూసి కాదు.

అప్పట్లో ఈ రోగానికి ఉన్న మందు ఒక చెట్టు గింజల నూనె. ఇంగ్లీషు వైద్యులు చాల్మోగ్రా అనీ, హిడ్నోకార్పస్ అనీ అన్నారు. మన సంస్కృత వైద్యులకు అది కొత్త కాదు. సుశ్రుతసంహిత చికిత్సాస్థానంలో తువరకమనే చెట్టు ప్రస్తావన వస్తుంది. పశ్చిమ సముద్రతీర భూముల్లో పెరుగుతుందనీ, దాని గింజల నూనె కుష్ఠానికి మందనీ అందులో ఉన్నది. హిడ్నోకార్పస్ ఆ తువరకమేనని వృక్షశాస్త్రం తెలిసినవారంటారు. అయితే ఈ నూనె తాగితే కడుపులో తిప్పేది, రోగులు కొనసాగించలేకపోయేవారు. 1920ల నాటికి కలకత్తాలో లెనార్డ్ రోజర్స్, ఎర్నెస్టు మ్యూర్ అనే వైద్యులు దీనిని సూదిమందుగా ఇచ్చే పద్ధతులను తీర్చిదిద్దారు. ఇసబెల్ ఆ పద్ధతిని డిచ్‌పల్లికి తెచ్చింది. కెర్ దంపతులు తమ దగ్గర జరిగినది ఇతరులకు చెప్పడానికి దేశంలో తిరిగారు. 1923లో ప్రభుత్వం ఆమెకు కైసర్-ఎ-హింద్ పతకం ఇచ్చింది. 1932లో నిజామాబాదులోనే హఠాత్తుగా కన్నుమూసింది. మందు పూర్తిగా దొరికే రోజు ఆమె చూడలేదు.

చూడలేదన్న మాట ఇక్కడ ముఖ్యం. ఆ నూనె సూదులు బాధాకరమైనవి. నెలల తరబడి, ఏళ్ళ తరబడి పొడిపించుకోవాలి. కొందరికి గుణమిచ్చేది, కొందరికి ఇచ్చేది కాదు. అంటే ఆమె ఇరవై ఏళ్ళపాటు చేసిన వైద్యం సగం వైద్యమే. మిగిలిన సగం మరొకటి. గాయం కడగడం, కట్టు కట్టడం, అన్నం పెట్టడం, పేరు పెట్టి పిలవడం, పక్కకు జరగకుండా ఉండడం.

* * *

ఈ రోగం ఎటువంటిదో రెండు ముక్కల్లో చెప్పుకుంటే గాని ఆ మిగిలిన సగం విలువ తెలియదు.

దీనికి కారణమైన క్రిమిని 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ గుర్తించాడు. పాపఫలం కాదు, వంశపారంపర్యం కాదు, క్రిమి అని తేలింది. ఆ క్రిమి మహా మందకొడిది. ఒకటి రెండు కావడానికి దానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. లోపల చేరిన ఏళ్ళకు గాని బయటపడదు. మనుషుల్లో అత్యధికులకు, నూటికి తొంభై అయిదుమందికి పైగా, దానిని తట్టుకునే శక్తి పుట్టుకతోనే ఉంటుంది. పక్కన కూర్చుంటేనో, ముట్టుకుంటేనో అంటుకునే జబ్బు కాదు.

వేళ్ళు రాలిపోతాయంటారు. అదీ నిజం కాదు. ఈ సంగతి లోకానికి విడమరిచి చెప్పినవారిలో ముఖ్యుడు పాల్ బ్రాండ్. తమిళనాట కొల్లిమలలో మిషనరీల ఇంట 1914లో పుట్టి, 1940ల చివరనుంచి వెల్లూరులో శస్త్రవైద్యుడుగా పనిచేశాడు. క్రిమి నరాలను దెబ్బతీస్తుంది, స్పర్శ పోతుంది, నొప్పి తెలియదు. నొప్పి తెలియని చెయ్యి పొయ్యిమీది గిన్నెను అలాగే పట్టుకుంటుంది. నొప్పి తెలియని పాదం ముల్లుమీదే నడుస్తుంది. గాయాలమీద గాయాలై వేళ్ళు అరిగిపోతాయి. ముడుచుకున్న వేళ్ళను తిరిగి పనిచేయించడానికి ఆయన స్నాయువులను మార్చి కుట్టే శస్త్రచికిత్సలు చేశాడు. నొప్పి అనేది దేవుడిచ్చిన కానుక అని ఆయన జీవితాంతం చెబుతూ వచ్చాడు. నొప్పిలేని వరం కోరుకునే మనకు అది వింతగా ఉంటుంది గాని, అరిగిన వేళ్ళను చూసినవాడికి వింత కాదు.

డాప్సోన్ అనే మందు 1940లలో వచ్చింది. డిచ్‌పల్లిలో కొన్నాళ్ళు పనిచేసిన డాక్టర్ జాన్ లో, తర్వాత నైజీరియాకు వెళ్ళి, దానిని నోటిమాత్రగా చవకగా ఇవ్వవచ్చునని చూపినవారిలో ఒకడు. పంజాగుట్టలో నేను చూసిన ముసలాయన ఆ మాత్రలతో నయమైన తరంవాడు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడు మందులను కలిపి వాడమని చెప్పింది. 1983నుంచి మన దేశంలో ఆ పద్ధతి మొదలైంది. ఆరునెలలు, లేదా ఏడాది మాత్రలు మింగితే రోగం పూర్తిగా పోతుంది. 2005 డిసెంబరు నాటికి పదివేల మందిలో ఒకరికన్నా తక్కువ అనే లెక్కకు దేశం చేరుకుంది. అయినా 2022లో మన దేశంలో కొత్తగా లక్ష మందికి పైగా ఈ రోగం బయటపడింది. 1898నాటి కుష్ఠురోగుల చట్టం 2016లో రద్దయింది. భార్యాభర్తల్లో ఒకరికి ఈ రోగం ఉంటే రెండోవారు విడాకులు కోరవచ్చుననే నిబంధనను మన వివాహ చట్టాలనుంచి 2019లో గాని తీసివేయలేదు. మందు వచ్చాక మూడున్నర దశాబ్దాలకు చట్టం కదిలింది. మనుషుల సంగతి పంజాగుట్ట బల్లమీద చూశాను.

* * *

ఇప్పుడు నా బాకీ.

మాది నాలుగు తరాలుగా క్రైస్తవ కుటుంబం. ఇంట్లో తెల్లవారితే బైబిలు, బడికి వెళ్తే ఆంధ్రమహాభారతం. రెండూ నాకు అమ్మ భాషలోనే అందాయి. భాషాప్రవీణ చదివి, పండిత శిక్షణ పొంది, 1983లో గోదావరి జిల్లాలో ఒక పల్లెటూరి బడిలో తెలుగు పండితుడుగా చేరాను. గుళ్ళో వాక్యం చదవమంటే నన్నే పిలిచేవారు. ఉచ్చారణ స్పష్టంగా ఉంటుందని.

1986లో ఏడో తరగతిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. పేరు చెప్పను. పద్యం రాగయుక్తంగా చదివేవాడు. సీసపద్యం ఒకసారి వింటే రెండోసారికి అప్పజెప్పేవాడు. వాడి తండ్రికి ఈ రోగం ఉన్నదని ఆ ఏడు సర్వేకు వచ్చిన ఆరోగ్య కార్యకర్తల వల్ల ఊరికి తెలిసింది. వాళ్ళు బడికి కూడా వచ్చి పిల్లలందరి వంటిమీద మచ్చలు చూశారు. స్పర్శ పరీక్షించారు. ఆ పిల్లవాడికి ఏమీ లేదని చెప్పారు. తండ్రికి మాత్రలు మొదలుపెట్టామనీ, ఇక ఎవరికీ భయం లేదనీ కూడా చెప్పారు. ఆ మాట నా చెవులతో విన్నాను.

అయినా ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. మా పిల్లలను మాన్పించేస్తామన్నారు కొందరు. తరగతి ఉపాధ్యాయుణ్ణి నేను. ఎవరూ నన్ను ఫలానా పని చెయ్యమని ఆజ్ఞాపించలేదు. నేనే ఒక ఉపాయం ఆలోచించాను. వాణ్ణి బడి మాన్పించడం అన్యాయం గదా, అందుకని వసారాలో కిటికీ పక్కన కూర్చోమన్నాను. "పాఠం అక్కడికి చక్కగా వినిపిస్తుందిరా" అన్నాను. ఇది మధ్యేమార్గమని, దయ అని, అప్పుడు నేను నిజంగానే నమ్మాను.

వాడు పదకొండు రోజులు వసారాలో కూర్చున్నాడు. ఒకరోజు పద్యం అప్పజెప్పమని లోపలినుంచి అడిగితే, కిటికీ ఊచలు పట్టుకుని లేచి నిలబడి అప్పజెప్పాడు. ఒక్క అక్షరం తప్పు పోలేదు. పన్నెండో రోజు రాలేదు. మళ్ళీ రాలేదు. కుటుంబం ఎక్కడికో వలసపోయిందన్నారు. నేను వెతకలేదు.

ఆ నెలలోనే ఒక ఆదివారం గుళ్ళో నేను చదవవలసిన భాగం మార్కు సువార్త మొదటి అధ్యాయం చివరిది. అందులో కుష్ఠరోగి ఒకడు యేసు దగ్గరకు వచ్చి, నీకిష్టమైతే నన్ను బాగుచేయగలవు అని మోకరిస్తాడు. యేసు చెయ్యి చాపి వాణ్ణి ముట్టుకుంటాడు. బాగుపడటం తర్వాత సంగతి. ముట్టుకోవడం ముందు. అనంతర కాలంలో ఈ వరుస ఎన్నిమార్లు ఆలోచించానో చెప్పలేను. ఆనాటి మోషే ధర్మశాస్త్రం ప్రకారం ముట్టుకున్నవాడు కూడా అపవిత్రుడే. బాగుచేసి ముట్టుకుని ఉంటే ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు. ఆ భాగాన్ని నేను ఆ ఆదివారం అర్ధానుస్వారాలతో సహా, విరామాలు తప్పకుండా చదివాను. చదివాక పాస్టరుగారు మెచ్చుకున్నారు. కిటికీ పక్కన కూర్చున్న పిల్లవాడు నాకు ఆ క్షణంలో గుర్తు రాలేదు. నన్ను ఇప్పటికీ బాధించేది అదే. వాణ్ణి బయట కూర్చోబెట్టినందుకు నాకు పశ్చాత్తాపం ఉన్నది. కాని వాక్యం నోట పలుకుతూ ఉండగా కూడా వాడు గుర్తు రానందుకు నాకు భయం ఉన్నది. నోటికి వచ్చిన విశ్వాసం మనిషిని ఎంత హాయిగా నిద్రపుచ్చగలదో నాకు అనుభవం.

కొన్నేళ్ళకు ఒక పాత పుస్తకాల మూటలో డిచ్‌పల్లి ఆసుపత్రి గురించి, ఇసబెల్ కెర్ గురించి చదివాను. తర్వాత దొరికినంత వెతికి చదివాను. చదివినకొద్దీ ఎవరికీ చెప్పలేకపోయాను. ఆమె కథ చెప్పబోతే నా కథ అడ్డం వచ్చేది.

* * *

మా క్రైస్తవుల తెలుగులో "పరిచర్య" అనే మాట ఒకటి ఉన్నది. ఇతరులు అంతగా వాడరు. గుళ్ళో ప్రసంగమైనా, అనాథలకు అన్నమైనా, అన్నిటికీ అదే మాట. పండితవృత్తి అలవాటు చొప్పున దానిని విడదీసి చూస్తే, పరి అంటే చుట్టూ, చర్య అంటే మెలగడం. ఒకరి చుట్టూ మెలగడం. దూరం జరగడానికి సరిగ్గా వ్యతిరేకమైన క్రియ. ఇసబెల్ కెర్ ఇందూరులో చేసినది అక్షరాలా ఇది. నేను బడిలో చేసినది దాని వ్యతిరేకపదం.

ఈ గుణం ఒక మతం సొత్తని నేను అనను. నర్సాగౌడ్ గురించి చెప్పాను. గాంధీ సేవాగ్రాంలో పర్చురే శాస్త్రి అనే సంస్కృత పండితుణ్ణి, ఈ రోగంతో వచ్చినవాణ్ణి, ఆశ్రమంలో ఉంచుకుని స్వయంగా ఆయన వంటికి మర్దన చేశాడు. మన నగరంలోనే, అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే మియాపూరు దారిలో వచ్చే కూకట్‌పల్లిలో, శివానంద పునరావాస కేంద్రం ఉన్నది. 1958లో వనపర్తి సంస్థానపు రాణి కుముదినీదేవి స్థాపించినది. తర్వాత 1962లో ఆమె హైదరాబాదుకు మేయరు కూడా అయింది. అయితే నేను క్రైస్తవుణ్ణి గనుక నన్ను కొలిచే కొలబద్ద నా ఇంట్లోదే. ఇసబెల్ నమ్మినదీ నేను నమ్మినదీ ఒకే గ్రంథం. చదివిన అధ్యాయాలు కూడా అవే అయి ఉంటాయి.

మరి తేడా ఎక్కడున్నది? ఈ ప్రశ్న వెంట చాలా ఏళ్ళు తిరిగాను. పూర్వం, ఆమెకు ఒక గొప్ప లక్ష్యం ఉన్నది, నాకు లేదు అనుకునేవాణ్ణి. పసుపుపచ్చ కాగితం కూడా అదే చెబుతుంది. ముందు లక్ష్యం నిర్ణయించుకో, దాని వైపు నడువు అని. కానీ ఆమె చరిత్ర చూస్తే అలా లేదు. 1907లో ఓడ దిగినప్పుడు డిచ్‌పల్లి ఆసుపత్రి ఆమె మనసులో లేదు. ఆమె వచ్చింది మామూలు మిషను వైద్యానికి. ఎవరికీ అక్కర్లేనివారు కళ్ళబడ్డారు. నాలుగేళ్ళకు చిన్న కేంద్రం, మరి నాలుగేళ్ళకు ఆసుపత్రి. లక్ష్యం ఆమె తెచ్చుకున్నది కాదు, ఎదురుగా వచ్చి నిలబడ్డది. ఆమె పక్కకు జరగలేదు, అంతే. నా ఎదుట కూడా వచ్చి నిలబడ్డది. ఏడో తరగతిలో, సీసపద్యం పాడుతూ. నాకు లక్ష్యం లేక కాదు. వచ్చినదాన్ని వసారాలో కూర్చోబెట్టాను.

మా పెద్దలు దేవుని పిలుపు అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా చిన్నతనంలో ఆకాశంనుంచి ఏదో గొంతు వినబడుతుందనుకునేవాణ్ణి. ఇప్పుడు అనుకుంటాను, ఆ గొంతు చాలాసార్లు కిటికీ ఊచల అవతలనుంచి వస్తుంది.

* * *

పంజాగుట్టనుంచి వచ్చిన వారానికి జూబ్లీ బస్‌స్టేషనులో నిజామాబాదు బస్సెక్కి డిచ్‌పల్లి వెళ్ళాను. రామాలయం గుట్ట ఎక్కి శిల్పాలు చూశాను. తర్వాత ఆసుపత్రి వైపు నడిచాను. ఎవరినీ ఏమీ అడగలేదు. చెట్ల నీడన కొంతసేపు నిలబడి, పన్నెండేళ్ళ పిల్లవాణ్ణి బండిలోనుంచి దించిన తండ్రి ఏ దారిన వచ్చి ఉంటాడా అని చూశాను. నా విద్యార్థి కూడా ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరి చేతుల్లో పడి ఉంటాడని ఆశ. ఉంటే ఇప్పుడు వాడికి యాభై దాటి ఉంటాయి. పద్యాలు గుర్తున్నాయో లేదో.

ఈ బాకీ తీరేది కాదు. ఇచ్చుకోవలసినవాడు దొరకడు. అయినా ఒక పని మొదలుపెట్టాను. మా వీధిలో కట్టుతున్న భవనం దగ్గర వలస కూలీల పిల్లలు ఏడుగురున్నారు. పాలమూరునుంచి వచ్చినవాళ్ళు. సాయంత్రాలు మా ఇంట్లో వాళ్ళకు చదువు చెబుతున్నాను. మొదటిరోజు వాళ్ళు చెప్పులు విడిచి, గుమ్మం బయట అరుగుమీద కూర్చోబోయారు. అలవాటు గదా. "లోపలికి రండి నాయనా" అన్నాను. ఆ మాట నా నోటినుంచి రావడానికి దాదాపు నలభై ఏళ్ళు పట్టింది.

పసుపుపచ్చ కాగితం వెనక తెల్లగా ఉన్నది. వాళ్ళలో చిన్నపిల్ల ఒకతె దానిమీద అ, ఆ దిద్దుతోంది.